గొలుసుతో భూగోళాన్ని కొలిచిన కర్నల్ లాంబ్టన్

మూడడుగులతో ముల్లోకాలను కొలిచిన వామనుని కథ తెలియని తెలుగువాడు ఉండడు. ఆ కొలతకు దైవబలం చాలింది. మానవుడు మాత్రం తాను నిలిచిన నేల ఎంత, దాని వంపు ఎంత అని తెలుసుకోవటానికి ఉక్కునూ ఇత్తడినీ ఆశ్రయించవలసి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదంలో కన్యాకుమారి సమీపం నుండి బీదరు సీమ దాకా, మన అనంతపురం పీఠభూమి మీదుగా, నూరడుగుల ఉక్కు గొలుసునూ, అర టన్ను బరువుగల ఇత్తడి యంత్రాన్నీ నడిపించి, భూగోళపు ఆకృతిని నిర్ణయించటానికి పూనుకున్న కృషీవలుడు కర్నల్ విలియం లాంబ్టన్. ఆయన శిష్యుడైన ఎవరెస్టు పేరు 1865లో ప్రపంచంలోని మహోన్నత శిఖరానికి పెట్టారు. దానితో గురువు కీర్తి శిష్యుని నీడలో కొంత మరుగున పడింది.

లాంబ్టన్ జీవితాన్ని నేడు స్మరించటానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. ఉపగ్రహాల సాయంతో, డ్రోన్లతో భూమిని కొలిచే కాలం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల రీసర్వే ఈ పద్ధతిలోనే నడిచింది. పాత గొలుసులు, క్రాస్ స్టాఫులు, లెవెల్ యంత్రాలు, థియోడొలైట్లు క్రమంగా మూల గదులకు చేరుతున్నాయి. వాటిని సేకరించి విద్యాలయాలలో ఉంచాలని కొందరు అంటారు. ఇత్తడి తూకానికి తప్ప అవి ఎందుకు పనికివస్తాయని మరికొందరు అంటారు. ఈ సందేహానికి సమాధానం లాంబ్టన్ చరిత్రలోనే ఉన్నది.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, నార్తలర్టన్ పట్టణం దాపున, 1753 ప్రాంతంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. పేదరికం వెన్నాడినా గణితంపై ఆయనకు గల మక్కువ తగ్గలేదు. ఆనాటి ప్రసిద్ధ గణితాచార్యుడు చార్లెస్ హట్టన్ వద్ద విద్య నేర్చాడు. 1781లో సైన్యంలో చిన్న అధికారిగా చేరి అమెరికా యుద్ధానికి వెళ్లాడు. అనంతరం కెనడాలోని న్యూబ్రన్స్‌విక్ సీమలో సరిహద్దులు కొలిచే పనిలోనూ, సైనిక వసతుల పర్యవేక్షణలోనూ సుమారు పదమూడేళ్లు గడిపాడు. ఆ ఏకాంత వాసంలో ఆయనకు తోడు గణిత గ్రంథాలే. ఆ రోజులలోనే సూర్యగ్రహణాన్ని పరిశీలించబోయి ఒక కన్ను చూపు పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన తరువాతి మహాకార్యమంతా సాగించాడని గుర్తుంచుకోవాలి.

1796లో ఆయన భారతదేశానికి వచ్చాడు. అప్పటికే నలభై యేళ్లు దాటిన వయసు. తన తోటివారు పెద్ద పదవులలో ఉండగా తాను లెఫ్టినెంటు హోదాలోనే ఉన్నాడు. 1799లో టిపూ సుల్తానుపై జరిగిన శ్రీరంగపట్టణ యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ సందర్భంలో ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ నాయకత్వంలోని దళం చీకటిలో దారితప్పింది. దక్షిణానికి పోతున్నామనుకుంటూ ఉత్తరానికి, అంటే టిపూ శిబిరం వైపుకే నడుస్తున్నది. లాంబ్టన్ నక్షత్రాలను చూసి ఆ పొరపాటును కనిపెట్టి హెచ్చరించాడు. సేనాని మొదట నమ్మలేదు. దిక్సూచి తెచ్చి చూస్తే నక్షత్రాలు చెప్పినదే నిజమైంది. ఆ రాత్రి ఒక కత్తి చేయలేని పనిని గణితం చేసింది.

టిపూ సుల్తాను నేలకొరిగిన తరువాత మైసూరు రాజ్యపు భూములు కంపెనీ ప్రాబల్యం కిందికి వచ్చాయి. 1800లో నిజాము తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప సీమలను కంపెనీకి అప్పగించాడు. దత్తమండలమన్న పేరు అప్పటిదే. కొత్తగా చేజిక్కిన నేలకు పటాలు కావలసి వచ్చాయి. కాలిన్ మెకంజీ ఆ పటాల పనికి నియుక్తుడై, కావలి వెంకట బొర్రయ్య వంటి తెలుగు పండితుల సహాయంతో కైఫీయత్తులను కూడా సేకరించాడు. అదే సమయంలో లాంబ్టన్ మరొక ఊహను ప్రభుత్వం ముందుంచాడు. ఊళ్ల పటాలను ఒకదాని పక్కన ఒకటి అతికితే చిన్న చిన్న తప్పులు కూడి పెద్ద తప్పవుతాయి. అందుచేత ముందుగా దేశమంతటా త్రిభుజాల వల పరచి, ఆ చట్రంలో పటాలను బిగించాలన్నది ఆయన ప్రతిపాదన. దానితోపాటు భూమి వంపును కూడా కనుగొనవచ్చునన్నాడు.

మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ 1800లో దీనికి అనుమతి ఇచ్చాడు. అయితే అందరూ సమ్మతించలేదు. శ్రీరంగపట్టణానికి పోదలచినవాడు బోయీలకు ఆ మాట చెబితే చాలు, పల్లకి అక్కడికే చేరుతుంది, దీనికింత ఖర్చెందుకని ఆర్థిక సంఘంలోని ఒకరు ఆక్షేపించినట్లు చెబుతారు. ప్రయోజనం వెంటనే కంటికి కనబడని విద్యకు ఏ కాలంలోనైనా ఎదురయ్యే ప్రశ్న ఇదే.

నిజానికి ఈ ఊహ లాంబ్టనుతోనే పుట్టలేదు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు ఖలీఫా మామూన్ ఆదేశంపై జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సింజార్ మైదానంలో ధ్రువనక్షత్రపు ఎత్తు ఒక డిగ్రీ మారేంతవరకు నేలను కొలుచుకుంటూ నడిచారు. పదకొండవ శతాబ్దిలో అల్‌బిరూనీ పంజాబులోని నందనా కోట దగ్గర కొండపై నిలిచి, దిగంతం ఎంత కిందికి వాలినదో చూసి, భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టాడు. లాంబ్టన్ ఈ సుదీర్ఘ పరంపరకు వారసుడు. ఆయన తెచ్చిన కొత్తదనం పనిముట్టు పదునులోనూ, దాని దోషాన్ని వెదకి పట్టుకొనే ఓర్పులోనూ ఉన్నది.

ఆయన పనిముట్ల కథ ఆయన కథ కన్న తక్కువ విచిత్రమైనది కాదు. నూరడుగుల గొలుసు లండనులో జెస్సీ రామ్స్‌డెన్ పనితనం. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల పొడవుగల నలభై ఉక్కు కడ్డీలను అతికి చేసినది. 1793లో మకార్ట్‌నీ ప్రభువు దానిని చైనా చక్రవర్తికి బహుమతిగా తీసుకుపోయాడు. చక్రవర్తి ఆదరించలేదు. రాయబార బృందంలోని డాక్టర్ డిన్‌విడ్డీ చేతికి వచ్చిన ఆ వస్తువు కలకత్తా చేరి, అక్కడ లాంబ్టన్ కొరకు కొనబడింది. చక్రవర్తి కాదన్న గొలుసు మన పీఠభూమికి కొలబద్ద అయినది.

రెండవది మహా థియోడొలైట్. లండనులో విలియం కేరీ అనే శిల్పి నిర్మించాడు. దాని అడ్డు చక్రం వ్యాసం 36 అంగుళాలు, నిలువు చక్రం వ్యాసం 18 అంగుళాలు. బరువు సుమారు అర టన్ను. దానిని తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ ద్వీపానికి తరలించారు. అది యుద్ధ సామగ్రి కాదు, శాస్త్ర పరికరమని తెలిసిన తరువాత అక్కడి ఫ్రెంచి గవర్నరు దానిని మర్యాదగా మద్రాసుకు పంపించాడు. శత్రువుల మధ్య కూడా విద్యకు గౌరవం దక్కిన సన్నివేశమిది.

యంత్రం కొరకు నిరీక్షిస్తున్న కాలాన్ని లాంబ్టన్ వృథా చేయలేదు. త్రిభుజంలో ఒక భుజమూ రెండు కోణాలూ తెలిస్తే తక్కిన భుజాలను గణితమే చెబుతుంది. కనుక నేలమీద స్వయంగా కొలవవలసినది మొదటి భుజమొక్కటే. దానికే ఆధారరేఖ అని పేరు. అందులో వేలెడు తప్పు ఉంటే వందల మైళ్ల దూరంలో అది బారెడవుతుంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ చెంత కొలత మొదలై మే నెల 22న ముగిసింది. రేఖ పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. గొలుసును నేలమీద ఈడ్వలేదు. ముక్కాలి పీటలపై మరలతో సమం చేసిన కొయ్య తొట్లలో పరచి, ఒక్కొక్క సారి ఉష్ణమాపకాలను చూసి, దాదాపు నాలుగు వందల పర్యాయాలు ముందుకు జరిపారు.

ఉష్ణమాపకం ఎందుకు? వేడికి ఉక్కు సాగుతుంది. నూరడుగుల గొలుసు ఒక సెల్సియస్ డిగ్రీ వేడికి మిల్లీమీటరులో మూడవవంతు మేర పెరుగుతుంది. అది లెక్కలోకి రాదనిపిస్తుంది. కాని నాలుగు వందల గొలుసుల పొడవున, పదిహేను డిగ్రీల తేడాను పట్టించుకోకపోతే, తప్పు రెండు మీటర్లు దాటుతుంది. గొలుసు వాడకంలో అరిగి సాగుతుందని కూడా లాంబ్టనుకు తెలుసు. అందుచేత మరొక గొలుసును వాడకుండా ప్రమాణంగా భద్రపరచి, పనిచేసే గొలుసును దానితో పోల్చి చూసేవాడు.

అక్కడి నుండి త్రిభుజాలు పడమటికి సాగి బెంగుళూరు చేరాయి. 1804లో అక్కడ మరొక ఆధారరేఖను నేలమీద కొలిచి, మద్రాసు నుండి గణితంతో రాబట్టిన పొడవుతో పోల్చారు. ఏడు మైళ్ల రేఖలో తేడా 3.7 అంగుళాలు. తూర్పు తీరం నుండి పశ్చిమ తీరానికి పాత పటాలు చూపిన దూరం 400 మైళ్లయితే, లాంబ్టన్ త్రిభుజాలు తేల్చినది 360 మైళ్లు. పటాలపై మాత్రమే ఉన్న నలభై మైళ్ల దేశం ఒక్కసారిగా అదృశ్యమైంది! అంతటితో ఆక్షేపకుల నోళ్లు మూతపడ్డాయి.

ఆయన ధైర్యానికి అసలైన పరీక్ష 1808లో ఎదురైంది. తంజావూరు మైదానంలో చూపు ఆనటానికి కొండలు లేనందున ఎత్తైన ఆలయ గోపురాలే ఆధారమయ్యాయి. మహా థియోడొలైట్‌ను పైకి ఎత్తుతుండగా మోకు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని, కోణాలను చూపే వలయమే వంకరపోయింది. ఇంగ్లండునుండి మరొకటి రావాలంటే ఏళ్లు పడుతుంది. లాంబ్టన్ నిరాశపడి కూర్చోలేదు, ఇతరులపై నింద మోపలేదు. తిరుచిరాపల్లి ఆయుధశాలకు దానిని చేర్చి, ఆరు వారాలు దానితోనే గడిపి, మేకులు, మరలు, కప్పీల సాయంతో వంకరపోయిన వలయాన్ని వెంట్రుకవాసి చొప్పున లాగి తిరిగి గుండ్రనికి తెచ్చాడు. ఆ యంత్రంతోనే తిరిగి పని ప్రారంభించాడు. ఇక మీదట దానిలో కొంత దోషం మిగిలే ఉంటుందని ఎరిగి, ఒకే కోణాన్ని వలయం వేర్వేరు భాగాలతో మళ్లీ మళ్లీ చూసి సగటు తీసేవాడు. దోషం లేని పనిముట్టు లోకంలో లేదు. దోషమెంతో తెలిసిన పనిముట్టే నమ్మదగినది. ఆయన జీవితం బోధించే పాఠం ఇదొక్కటే అన్నా తప్పులేదు.

ఇప్పుడు మన సీమకు వద్దాం. కన్యాకుమారి ప్రాంతం నుండి 78వ రేఖాంశం పొడవునా ఉత్తరానికి సాగిన మహాచాపం బెంగుళూరు దాటి దత్తమండలంలో ప్రవేశించింది. 1811లో గుత్తి వద్ద లాంబ్టన్ కొత్త ఆధారరేఖను కొలిచాడు. నక్షత్రాల ఎత్తును బట్టి అక్షాంశం నిర్ణయించటానికి బెంగుళూరు వద్ద దొడ్డగుంట, గుత్తి ప్రాంతంలో నామ్తాబాదు అనే స్థానాలను ఎంచుకున్నాడు. మొదటిది దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీద, రెండవది 15 డిగ్రీల 6 నిమిషాల మీద ఉన్నాయి. చిత్రావతి తీరాన ఉన్న పుట్టపర్తి అక్షాంశం 14 డిగ్రీల 10 నిమిషాలు, రేఖాంశం 77 డిగ్రీల 48 నిమిషాలు. అంటే ఆ రెండు స్థానాలకు నడిమధ్యన, మహాచాపానికి అతి చేరువలో మన పుట్టపర్తి ఉన్నదన్నమాట. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి జిల్లాల హద్దులు మారినా, ఆ గీత మారలేదు. వర్షాలకు నోచుకోని ఈ నేలలో, చెట్టుచేమ అడ్డులేని ఈ బోడి కొండలు దూరదృష్టికి అనుకూలించాయి. మధ్యాహ్నపు ఎండలో నేలమీది గాలి సెగలు కక్కి గురిని కదిలించటం మాత్రం ఇక్కడ కొలతలు తీసేవారికి నేటికీ తెలిసిన బాధే.

గుత్తి నుండి ఆయన నిజాము రాజ్యంలోకి నడిచి 1815లో బీదరు సమీపంలో మరొక ఆధారరేఖను కొలిచాడు. 1817లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొని గౌరవించింది. 1818లో ఈ కార్యక్రమం భారత మహా త్రికోణమితి సర్వే అన్న పేరుతో గవర్నర్ జనరల్ ఆధీనంలోకి వచ్చింది. ఆ సంవత్సరాంతాన హైదరాబాదులో జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడుగా చేరాడు. లాంబ్టనుకు అప్పటికి అరవై దాటాయి. అయినా గుడారాన్ని విడువలేదు. హైదరాబాదు నుండి నాగపూరుకు తరలిపోతూ, 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో మరణించాడు. నేటి మహారాష్ట్రలోని వార్ధా జిల్లాలో ఆయన సమాధి ఉన్నది. అప్పటికి ఆయన నడిపిన త్రిభుజాల వల 1,65,342 చదరపు మైళ్ల నేలను ఆవరించింది.

మహా థియోడొలైట్ మాత్రం యజమానితో పాటు విశ్రమించలేదు. ఎవరెస్టు కాలంలో హెన్రీ బారో అనే ఆంగ్ల నిపుణుడు దానిని బాగుచేశాడు. బారో అనంతరం సర్వే యంత్రాల బాధ్యత చేపట్టినవాడు ఆర్కాటు వాసి సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. మద్రాసులో నగల పని చేసుకుంటూ ఉన్న ఆయన హస్తకౌశలాన్ని సర్వే అధికారులు గుర్తించి పనిలోకి తీసుకున్నారు. బంగారు తీగెను మలచిన వేళ్లే ఇత్తడి వలయంపై గీతలను దిద్దాయి. ఎవరెస్టు అంతటి కఠినుడైన పరీక్షకుడు ఆయన పనిని మెచ్చుకొని ఉన్నత పదవికి సిఫారసు చేశాడు. మొహ్సిన్ హుసేన్ 1864లో మరణించాడు. శిఖరానికి ఒకరి పేరు దక్కింది. ఆ శిఖరాన్ని కొలిచిన సంస్థ యంత్రాలను కంటికి రెప్పవలె కాపాడినవాని పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

ఒక మాట దాచరాదు. ఈ కొలత పరపాలనకు ఉపకరించింది. టిపూ రాజ్యం కూలిన నేలపైనే మొదటి త్రిభుజాలు నిలిచాయి. శిస్తు వసూలుకూ, సేనల నడకకూ పటాలు తోడ్పడ్డాయి. అయితే యంత్రాన్ని కొండపైకి మోసినవి మన కూలీల భుజాలే. జెండాలు పట్టి ఎండలో నిలిచినదీ మనవారే. ఆ విద్య నేడు మన సొత్తు. పాలకుని తిరస్కరించినంత మాత్రాన పనిముట్టును తిరస్కరించనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! పొలాన్ని ఎకరాలలో, సెంట్లలో చెప్పుకుంటాము. సెంటు ఎక్కడిది? పదిహేడవ శతాబ్దిలో గుంటర్ అనే గణితజ్ఞుడు రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. రైతు నోటిలో నిత్యం ఆడే మాటలో ఆ గొలుసు దాగి ఉన్నది. కరవు సీమలో ఒక్క సెంటు తేడాకు అన్నదమ్ములు కోర్టుకెక్కటం మనం ఎరిగినదే. కొలత ఎట్లా పుడుతుందో, అందులో తప్పు ఎట్లా చేరుతుందో తెలిసిన యువకుడు ఊరిలో ఒక్కడున్నా అటువంటి తగవులు కొన్ని గట్టు మీదనే తీరుతాయి.

అందుకే పాత పనిముట్లను సేకరించాలి. అయితే పద్ధతిగా సేకరించాలి. ప్రభుత్వ కార్యాలయాలకు చెందినవైతే లిఖితపూర్వకమైన అనుమతి పొంది, కళాశాల స్టాకు రిజిస్టరులో నమోదు చేయాలి. నూరేళ్లు దాటి, శాస్త్ర చరిత్రను తెలిపే వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది కనుక అమ్మకం, కొనుగోళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. దొరికిన యంత్రాన్ని చింతపండుతో తోమి తళతళలాడించరాదు. ఆ తోముడుతో వలయంపైని సన్నని గీతలు, తయారుచేసినవాని పేరు, సంఖ్య చెరిగిపోతాయి. దాని కొయ్యపెట్టె కూడా చరిత్రే, పారవేయరాదు. పాత దూరదర్శినులలో అడ్డుగీతలుగా సాలెపురుగు దారాన్ని వాడేవారు. ఊదినా తెగుతుంది. ఏ దూరదర్శినితోనూ సూర్యుని నేరుగా చూడరాదు. లాంబ్టన్ కన్ను మనకు శాశ్వతమైన హెచ్చరిక.

అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే పని ముగియదు. దుర్బలమైన వాటిని ప్రదర్శనకు ఉంచి, గట్టివాటిని విద్యార్థుల చేతికి ఇవ్వాలి. ఉదయం చల్లని వేళ ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి అదే దూరాన్ని ఉక్కు టేపుతో కొలిపించాలి. లెవెల్ యంత్రంతో బుక్కపట్నం చెరువుకట్టపై ఎత్తుపల్లాలు తీయించాలి. ఒక ఆధారరేఖను, రెండు కోణాలను కొలిచి, ఎదుటి కొండ దూరాన్ని లెక్కకట్టించాలి. ఉపగ్రహ సంకేతాన్ని అందుకొనే చిన్న పెట్టె ఒక్క క్షణంలో సమాధానం చెబుతుంది, కాని ఆ సమాధానం ఎట్లా వచ్చిందో చూపదు. గొలుసు ఆలస్యంగా చెబుతుంది, కాని తన తప్పును కూడా చూపిస్తుంది.

అరటన్ను బరువున్న లాంబ్టన్ యంత్రం నేటికీ డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా సంరక్షణలో ఉన్నది. మనకు అంతటిది అక్కరలేదు. ఒక తుప్పుపట్టిన గొలుసు, ఒక లెవెల్ యంత్రం, ఒక చిన్న థియోడొలైట్ చాలు. కళాశాల కమిటీ పెద్దలు ప్రయోగశాలలో ఒక బల్లనూ, ఒక రిజిస్టరునూ అందుకు కేటాయించాలని సవినయంగా కోరుతున్నాను. ప్రతి పరికరం పక్కన ఒక చీటీ ఉండాలి. దానిపై తయారుచేసినవాని పేరు, వాడిన ఊరు వ్రాసి, వాటి కింద విద్యార్థులే పరీక్షించి తేల్చిన దోషం ఎంతో కూడా వ్రాయాలి. ఆ మూడవ పంక్తి ఉన్నప్పుడే అది పాఠశాల వస్తువు. లేకున్న ఉట్టి అలంకారం.